ఏడాది తిరగని ఇంట్లో గ్రీసు ఆట

మా పక్కింటి పాప ఆరో తరగతి చదువుతోంది. హిందూపురంలో మా వీధి చివరనే వాళ్ళ బడి. వార్షికోత్సవానికి ఒక్కో తరగతికి ఒక్కో దేశం ఆట ఇచ్చారట, వీళ్ళకు ఫిలిప్పీన్స్ వచ్చింది. నా దగ్గర పుస్తకాలు ఉంటాయని ఆ పిల్లకు తెలుసు. పోయిన ఆదివారం ఫోను పట్టుకుని వచ్చి, రెండు వెదురు బొంగుల మధ్య కాళ్ళు పెట్టి తీసే ఆటను చూపించి, "అవ్వా, ఇది ఎందుకు పుట్టిందంట? టీచరు రాసుకొని రమ్మనింది" అని అడిగింది. వరిమళ్ళలో ఒక పక్షి, రైతులు పెట్టిన బొంగుల ఉచ్చులకు దొరక్కుండా కాళ్ళు ఎత్తి ఎత్తి నడుస్తుందని, ఆ నడకే ఆట అయిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారని చెప్పాను. నేను చెబుతుండగానే ఆ పిల్ల హాల్లో గచ్చు మీద ఎగరడం మొదలుపెట్టింది.

గేటు దగ్గర నుంచి వాళ్ళమ్మ కేకేసింది. "ఏయ్, ఆడ ఎగరద్దు! అవ్వోళ్ళింట్లో ఇంగా ఏడాది తిరగలేదు."

పాప ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా కాలు దించి, ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన పోయి తొమ్మిది నెలలు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా ఆటా పాటా ఉండకూడదు. ఆ కట్టుబాటు నాకు తెలుసు. నా పదకొండో ఏట మా ఇంట్లో అది తప్పింది. తప్పిందా లేదా అని నలుగురు పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని అడిగారు. ఆ రోజు మా తాత చెప్పిన జవాబు గురించి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది రొద్దం వైపు పల్లె. వాన పడితే చెనక్కాయ పంట, పడకపోతే గొర్రెలు. మా తాత చెక్కభజన గురువు. పదహారు మందో ఇరవై మందో మగవాళ్ళు కాళ్ళకు గెజ్జెలు కట్టి, చేతుల్లో చెక్కలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ దేవుడి పాటలు పాడి ఆడేదే చెక్కభజన. చెక్కల సందుల్లో చిన్న ఇత్తడి బిళ్ళలు ఉంటాయి. అందరి చెక్కలూ ఒక్కసారి పడితే పొలాల అవతలి ఊరికి వినిపిస్తుంది.

గురువు ఊరూరు తిరిగి నేర్పుతాడు. పెనుకొండ వైపో కనగానపల్లి వైపో ఒక ఊరికి పోతే నెలా నెలన్నర అక్కడే ఉండేవాడు. నేర్చుకోవడం అయ్యాక గెజ్జెపూజ చేసి, ఒక్కొక్కరి కాళ్ళకు తన చేత్తో గెజ్జెలు కట్టేవాడు. అంతవరకు ఎవరూ గెజ్జె ముట్టకూడదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఊరివాళ్ళు ఇచ్చిన కొర్రలో ఉలవలో ఆయన తువ్వాలులో మూట కట్టి ఉండేవి. అవ్వ ఆ మూట విప్పితే ఉలవల కంటే ముందు ఆముదం వాసన వచ్చేది. ఆయన రోజూ పాదాలకు ఆముదం రాసి, అదే తువ్వాలుతో తుడుచుకునేవాడు.

మా ఊరి జట్టులో తాత ముందు మనిషి. రెండో మనిషి మా నాయన. ఈ రెండో మనిషి పని ఏమిటో చెప్పాలి. అడుగు మార్చే చోట ముందు మనిషి "హా..." అని సాగదీసి కూత వేస్తాడు. రెండో మనిషి "హోయ్" అని అందుకోవాలి. అందుకున్నాకే అందరి కాళ్ళూ మారతాయి. ముందు మనిషికి వెనక ఉన్నవాళ్ళు కనిపించరు. వెనక జట్టు తనతో ఉందో లేదో ఆ "హోయ్"తోనే ఆయనకు తెలుస్తుంది. మా ఊర్లో ఒక మాట ఉండేది. కూత ఒకటే అయితే అరుపు, అందుకుంటే భజన.

నాయన చెనక్కాయ పీకే కాలంలో పోయాడు. మోటరు దగ్గర తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నాడు. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. ఆ ఏడు మా కాయలు ఇతరులు పీకి, ఇతరులు కళ్ళంలోకి చేర్చారు. వాడుతున్న చెనక్కాయ తీగల వాసన వస్తే ఈనాటికీ నేను కిటికీ వేసుకుంటాను.

కర్మాంతరం అయిన మర్నాడు తాత తన గెజ్జెలు, చెక్కలు, నాయన గెజ్జెలు, చెక్కలు ఒక గోనెసంచిలో వేసి అటక మీద పెట్టాడు. అమ్మ నా తమ్ముణ్ణి తీసుకుని కనగానపల్లి దగ్గర తన పుట్టింటికి వెళ్ళింది, కొన్ని నెలలు అక్కడే ఉంది. నేను బడి కోసం తాత, అవ్వ దగ్గర ఉండిపోయాను.

ఆ ఏడాది ఇంటిని నడిపింది అవ్వ. ఏది చేయాలో ఏది చేయకూడదో ఆమెకు తెలిసినంతగా ఊర్లో ఎవరికీ తెలియదు. ఉగాదికి మా పొయ్యి మీద ఓళిగలు కాలలేదు. పక్కింటివాళ్ళు పంపితే తిన్నాం. తలుపుకు మామిడాకు లేదు. నాకు కొత్త గౌను లేదు. వాటితో నాకు పేచీ లేదు. ఇబ్బంది తాతకు. ఆయన అరుగు మీద ఊరికే కూర్చునేవాడు, కాళ్ళు ఊరికే ఉండేవి కావు. బొటనవేలు నేల మీద కొట్టుకునేది, తర్వాత మడమ. అవ్వ లోపలినుంచే కనిపెట్టేది.

"ఇంటాండావా? కాలు."

"యా కాలు?"

"నీ కాలే. నాకాడ నాటకాలొద్దు."

కాలు ఆగేది. కాసేపటికి రెండో కాలు మొదలయ్యేది.

ఒకసారి నేనూ పట్టుబడ్డాను. ఎండిన దిరిసెన కాయలు ఊపితే గలగలమంటాయి. నేనూ నా స్నేహితురాలూ వాటిని పురికొసకు గుచ్చి కాళ్ళకు కట్టుకుని దొడ్లో తిరిగాము. అవ్వ వచ్చి నిలబడింది. "ఇవి గెజ్జెలు గాదవ్వా, కాయలు" అన్నాను. అవ్వ వంగి కొసలు తెంపి, కాయలు మేకకు వేసి, "మీ తాత పోలికే" అని మాత్రం అనింది.

మా బడిలో సోషల్ చెప్పే టీచరమ్మ పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె క్రైస్తవురాలు. ఆమె దగ్గర వాళ్ళ నాన్న ఇచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. పేజీకి ఒక దేశం, ఆ దేశపు ఆట, కింద నాలుగు వరుసల మాటలు. ఆ ఏడు బడి వార్షికోత్సవానికి ఒక్కో తరగతి ఒక్కో దేశం ఆట ఆడాలని ఆమె పెద్దసారును ఒప్పించింది. మా తరగతి ఆడపిల్లలకు గ్రీసు వచ్చింది. ఫోటోలో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని బారుగా నిలబడ్డారు. బారు నత్తగుల్లలా లోపలికి చుట్టుకుంటోంది. మొదటామె చేతిలో ఒక గుడ్డ ఉంది, దాని రెండో కొస వెనకామె పట్టుకుంది.

ఊర్లో అప్పటికి టీవీ లేదు. ఆ ఆటలు ఎలా ఉంటాయో టీచరమ్మ కూడా చూడలేదు. మమ్మల్ని ఫోటోలో ఉన్నట్టే నిలబెట్టి, "ఇప్పుడు కదలండి" అంది. సగం మంది ఎడమకు పోయారు, సగం మంది కుడికి. ఇద్దరు కింద పడ్డారు. నన్ను వరుసలో పెట్టబోతే, "మా ఇంట్లో ఏడాది తిరగలేదు టీచర్" అన్నాను. ఆమె నన్ను వదిలేసింది. కానీ ఎవరో "వాళ్ళ తాత భజన గురువు టీచర్" అన్నారు. ఆ సాయంత్రం ఆమె బస్సు వదిలేసి, పుస్తకం తీసుకుని మా ఇంటికి వచ్చింది.

అవ్వ ఆమెకు మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, వచ్చిన పని విని, వెంటనే కాదనింది.

"గెజ్జె ముట్టేది లేదు, చెక్క ముట్టేది లేదు తల్లీ. నా కొడుకు పోయినాడు. ఏడాది తిరగల్ల."

"గెజ్జెలు అక్కర్లేదమ్మా. అడుగు ఎట్ల వేయాలో చెప్తే చాలు."

"మీలో ఏడాది పట్టరా?"

"ఏడాది అని లేదు. ప్రార్థన చేసుకుంటాం. కానీ మా అమ్మ పోయిన ఏడు నేను క్రిస్మస్‌కు కొత్త చీర కట్టుకోలేదు."

అవ్వకు ఆ మాట నచ్చింది. కాస్త మెత్తబడింది. తాత అప్పటికే పుస్తకం వైపు చెయ్యి చాచాడు.

"గెజ్జె ముట్టను. చెక్క ముట్టను. పుస్తకం ముడితే ఏమే?" అన్నాడు అవ్వతో. "ఇది మన ఆటే గాదు. యా దేశందో."

"చూసుకో" అనింది అవ్వ. "కూర్చోనే చూడు. లేచేది లేదు."

అలా మా ఇంట్లో కొత్త కట్టుబాటు ఒకటి ఏర్పడింది. తాత కూర్చుని ఉన్నంతసేపు ఏ దేశపు ఆటైనా చూడవచ్చు, చెప్పవచ్చు. ఆయన అరుగు మీది దుమ్ములో రెండు వేళ్ళు నిలబెట్టి, చూపుడువేలు ఒక కాలుగా, నడిమివేలు ఒక కాలుగా నడిపించి చూపేవాడు. టీచరమ్మ వారానికి రెండు రోజులు పిల్లలను తీసుకుని మా దొడ్లోకి వచ్చేది. అవ్వ ఒక పక్క కూర్చుని విత్తనానికి చెనక్కాయలు వొలిచేది. వొలవడం ఒక మిష. కాపలా అసలు పని.

తాత ముందు ఫోటోను శానాసేపు చూసేవాడు. "బొమ్మలో కాళ్ళుండాయి గానీ అడుగు లేదు. అడుగు మనమే ఎతుక్కోవల్ల" అనేవాడు. ఎతకడానికి ఆయనకు ఒకటే దారి తెలుసు. ఆ మనుషులు ఏ పని చేసి బతుకుతారు, ఏ నేల మీద నడుస్తారు, ఎంత చోట ఆడతారు అని అడిగేవాడు. గ్రీసు ఫోటోలో గుడ్డ చూసి, "ఇది సింగారానికి గాదు. ముందు మనిషి తిరగల్లంటే చెయ్యి మెలిక పడుతుంది. మధ్యలో గుడ్డ ఉంటే తిరగొచ్చు. ఎద్దుకు పగ్గం వదులు ఇచ్చినట్ల" అన్నాడు. ఆ మాట నిజమేనని ముప్పై ఏళ్ళ తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. ఐర్లాండు పేజీలో చేతులు ఒంటికి అతికించుకుని కాళ్ళు మాత్రం ఆడిస్తున్న పిల్లలను చూసి, "ఇరుకింట్లో పుట్టిన ఆట. చెయ్యి చాపితే గోడకు తగుల్తుంది" అన్నాడు. దానికి వేరే కారణాలు చెప్పేవాళ్ళున్నారు, ఇదే కారణం చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఎవరిది నిజమో తేలలేదు. గొంతుక్కూర్చుని కాళ్ళు చాపే రష్యావాళ్ళను చూసి మాత్రం, "పాపం, శానా చలి. నేలకు దగ్గరగా వెచ్చగా ఉంటుందని" అన్నాడు. అది ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఒక రోజు పేజీలు తిప్పుతుంటే ముసుగుల బొమ్మ వచ్చింది. ఆఫ్రికాలో మాలి అనే దేశం. కొండ చరియల్లో మట్టి ఇళ్ళు. చెక్కతో చేసిన పొడుగాటి ముసుగులు ముఖాలకు కట్టుకుని మగవాళ్ళు ఎగురుతున్నారు. టీచరమ్మ కింది మాటలు చదివి తెలుగులో చెప్పింది. "ఆ ఊళ్ళలో మనిషి చనిపోతే, ఆ దుఃఖం ముగియడానికి ఈ ఆట ఆడతారు. ఆట ఆడి ఆత్మను సాగనంపేదాకా దుఃఖకాలం పూర్తి కానట్టే."

తాత వేళ్ళు దుమ్ములో ఆగాయి. "ఇంగొకసారి చదువమ్మా."

ఆమె మళ్ళీ చదివింది.

"ఎగిరేవాళ్ళు ఎవరంట? పిలిపించినోళ్ళా, ఇంటోళ్ళా?"

ఆమె వెతికి, "ఆ ఊరివాళ్ళే. చుట్టాలే" అంది.

"మనకాడ కూడా పీనుగ ముందర తప్పెట కొడతారు, ఎగురుతారు" అన్నాడు తాత. "ఎగిరేవాళ్ళు వేరే, ఏడ్సేవాళ్ళు వేరే. ఆడ ఇద్దరూ ఒకటేనా?"

జవాబు కోసం అడిగిన మాట కాదది. చెనక్కాయల దగ్గర నుంచి అవ్వ, "యాడ, ఆ బొమ్మ ఇట్ల చూపించు" అనింది. నేను పుస్తకం తీసుకుపోయి పట్టుకున్నాను. అవ్వ చేతులు ఒడిలోనే పెట్టుకుని చూసింది.

"ముఖాలు యాల కప్పుకున్యారు?"

"పుస్తకంలో లేదమ్మా."

"ఏడ్సేది కనపడకూడదని" అనింది అవ్వ. మళ్ళీ కాయలు వొలుచుకుంది.

తర్వాత నేను ఆ ఆట గురించి దొరికినంత చదివాను. ఆ కొండ ఊళ్ళలో దానికి చాలా ధాన్యం కావాలట. వచ్చిన చుట్టాలందరికీ తిండి, జొన్నలతో కాచిన సారా లాంటిది పెట్టాలి. పంటలు చాలకపోతే ఏళ్ళ తరబడి ఆగి, ఊర్లో పోయినవాళ్ళందరికీ కలిపి ఒకేసారి చేస్తారట. జపాన్‌లో ఎండాకాలంలో పోయిన పెద్దలు ఇంటికి వస్తారని వీధుల్లో గుండ్రంగా తిరిగి ఆడతారు. దుఃఖం ఉన్నప్పుడు ఆడకూడదు అన్నవాళ్ళూ ఉన్నారు, ఆడితేగానీ దుఃఖం పోదు అన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరి దగ్గర నియమం లేదని చెప్పలేం. అందరి దగ్గరా ఉంది.

వార్షికోత్సవానికి నాలుగు రోజులు ఉందనగా చిక్కు వచ్చింది. పిల్లలకు అడుగు వచ్చింది, వరుస వచ్చింది, చుట్టుకోవడం రాలేదు. బారు నత్తగుల్లలా లోపలికి చుట్టుకుని, మళ్ళీ తెగకుండా బయటికి రావాలి. తాత దుమ్ములో గీత గీసి చూపించాడు. చెనక్కాయ గింజలు వరుసగా పేర్చి చూపించాడు. పన్నెండు మంది పిల్లలు పోయి ఒకరిమీద ఒకరు పడ్డారు. నా స్నేహితురాలు ముందు మనిషి. ఆమె ఏడుపు మొదలుపెట్టింది.

"నాకు రాదు తాతా. లోపలికి పోతే బయటికి యాడ రావల్లో తెలీదు."

"నన్ను చూసి రా."

"నువ్వు కూర్చోనుండావు గదా!"

దొడ్లో అందరూ నవ్వారు. తాత నవ్వలేదు. అవ్వ వైపు చూశాడు. అవ్వ తల ఎత్తలేదు. వద్దని అనలేదు, సరే అని అనలేదు. కాయ పగిలిన చప్పుడు రెండు మూడు సార్లు వినిపించింది. తాత లేచి, పంచె పైకి దోపుకుని, భుజం మీది తువ్వాలు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నా స్నేహితురాలి చేతికి ఇచ్చాడు.

ఆరు నెలల తర్వాత ఆయన కాళ్ళు ఆటకు కదలడం అదే మొదటిసారి. గెజ్జెలు లేవు. పాదం నేలకు తగిలే చప్పుడు మాత్రమే ఉంది. మెల్లగా మొదలుపెట్టాడు. వెనక పన్నెండు మంది పిల్లలు. లోపలికి చుట్టుకున్నారు, మధ్యలో ఆయన ఒక్కసారి తిరిగి ఎదురు దారి పట్టాడు, బారు విడివడుతూ బయటికి వచ్చింది. ఎవరూ పడలేదు. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. తాతకు అది వినపడిందో లేదో తెలియదు. రెండో చుట్టుకు పోయాడు. అడుగు జోరయింది. అది గ్రీసు అడుగు కాదని నాకు తెలుస్తోంది, భజన అడుగు లోపలికి వచ్చేసింది. అడుగు మార్చే చోట అలవాటు కొద్దీ ఆయన గొంతెత్తాడు.

"హా..."

పిల్లలకు ఆ కూత తెలియదు. ఎవరూ అందుకోలేదు. తాత కాలు గాల్లో ఉంది. అందుకుంటే గానీ ఆ కాలు కింద పడదు. నేను దొడ్డి గోడ పక్కన నిలబడి ఉన్నాను. నాయన నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. నేను "హోయ్" అన్నాను.

కాలు పడింది. తాత నా వైపు చూడలేదు. బారు తిరిగింది. అప్పుడు అవ్వ కాయలు వొలవడం ఆపి, నా వైపు చూసి, మామూలు గొంతుతో అనింది.

"మీ నాయన అంత మెల్లగా పలకడు."

తాత మళ్ళీ కూత వేశాడు. ఈసారి అలవాటు కొద్దీ కాదు. నేను గోడ అవతలికి వినబడేలా పలికాను.

వార్షికోత్సవం జరిగింది. ఒక మైకు పనిచేయలేదు, ఫిలిప్పీన్స్ వాళ్ళ బొంగు ఒకటి జారి పెద్దసారు కాలికి తగిలింది, గ్రీసు పిల్లలు చుట్టుకుని తెగకుండా బయటికి వచ్చారు. నేను ఆడలేదు. అవ్వ వద్దనలేదు, నేనూ అడగలేదు. తాత పక్కన కూర్చుని చూశాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

మూడో రోజు పొద్దున జట్టులోని పెద్దవాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. ముందు నడిచింది మద్దెల మామ. ఆయన ఇరవై ఏళ్ళుగా తాత భజనకు మద్దెల వాయించినవాడు, తాతకు తమ్ముడి లాంటివాడు. అరుగు మీద కూర్చుని వాన గురించి మాట్లాడారు. గొర్రెలకు వచ్చిన రోగం గురించి మాట్లాడారు. అవ్వ గడప లోపల కూర్చుంది. నేను ఆమె వెనక ఉన్నాను.

"గురువా" అన్నాడు చివరికి మద్దెల మామ. "శ్రీరామనవమి వస్తాండాది. కొత్త పిల్లోళ్ళు తొమ్మిదిమంది మాకాడ నేర్చుకున్యారు. నీ ఏడాది ఆలోగా తీరదు. నవమి పోయినా సరే, ఏడాది తీరినాక గెజ్జెపూజ నీ చేత్తోనే చేయించల్లని మేమంతా ఆగినాం. అంతలో ఈ మాట పుట్టింది."

"చెప్పు."

"రోడ్డున పొయ్యేటోళ్ళు ఇన్యారంట. నువ్వు లేచి ఆడినావంట. అది బడి పిల్లోళ్ళ ఆట, మన ఆట గాదు, దానికి మాకు పేచీ లేదు. కూత యేసినావంట. అలవాటు మీద నోరు జారినాది, దానికీ పేచీ లేదు. కూత ఒకటే అయితే అరుపు, అంతే గదా? అందుకున్యారా లేదా, అదొక్కటే మాకు కావల్ల. ఏడాది లోపల భజన కట్టిన గురువు చేత్తో గెజ్జె కట్టించుకుంటే కొత్తోళ్ళకు మంచిది గాదని వాళ్ళ ఇండ్లల్లో అంటాండారు."

తాత తన పాదాల వైపు చూసుకున్నాడు.

"పిల్లది ఏందో అరిసింటుంది" అన్నాడు ఇంకొకాయన. "పిల్లోళ్ళు అరుస్తారు."

"అదే" అన్నాడు మద్దెల మామ. ఆయన గొంతులో బతిమాలడం నాకు అప్పుడే అర్థమైంది. "అందుకోలేదని ఒక మాట చెప్పు గురువా. నీ మాట కాదనేవాళ్ళు ఈ ఊర్లో లేరు. మేము లేచి పోతాం."

ఆ మాట ఎంత సులభమో అందరికీ తెలుసు. పదకొండేళ్ళ పిల్ల గోడ పక్కన ఏదో అరిచింది, అంతే. నేను అవ్వ కొంగు పట్టుకున్నాను. నావల్ల తాత గురువు కాకుండా పోతాడని నాకు తెలిసింది. లేదని చెప్పమని లోపల అనుకున్నాను.

"అందుకునింది" అన్నాడు తాత. "తాళం తప్పకుండా అందుకునింది."

మద్దెల మామ తల దించుకున్నాడు. గడప లోపలినుంచి అవ్వ గొంతు వచ్చింది.

"రెండు మాట్లు అందుకునింది. రెండోది నేను చెప్తేనే పలికింది."

ఆ ఏడు గెజ్జెపూజకు కొత్తచెరువు వైపు నుంచి వేరే గురువు వచ్చాడు. ఆ తర్వాతి ఏడూ ఆయనే. తాత ఏడాది తీరాక కూడా జట్టుకు ముందు మనిషి కాలేదు, ఎవరూ వద్దని అనలేదు, రమ్మని కూడా అనలేదు. మద్దెల మామ రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. టీచరమ్మకు మరుసటి ఏడు బదిలీ అయింది, పుస్తకం ఆమెతోనే పోయింది.

తాత చేసింది తప్పా, ఒప్పా అని నేను చాలాకాలం ఆలోచించాను. కట్టుబాటు తప్పాడు, అది నిజం. దానికి వెల చెల్లించాడు, అదీ నిజం. చిన్నప్పుడు నాకు అర్థం కానిది ఒకటే. ఒక్క అబద్ధం చెబితే నిలిచే గురువుతనాన్ని ఆయన ఎందుకు వదులుకున్నాడు? కొడుకు పోయిన తర్వాత ఆయన వేసిన కూతకు ఆ ఒక్క రోజే జవాబు వచ్చింది. అది రాలేదని ఆయన తన నోటితో చెప్పలేకపోయాడు. అవ్వ కూడా చెప్పలేకపోయింది.